ఒకే హ్యాండిల్ మీద రెండు జీపీఎస్‌లు: నంది కొండ దాకా

బెంగళూరులో సైకిల్ తొక్కేవాళ్ళు కొత్త చక్రాలు వేయించుకున్నా, కొత్త సీటు మార్చినా, కాళ్ళలో ఎంత బలం ఉందో చూసుకోవాలన్నా ముందు వెళ్ళేది నంది కొండకే. బావ కొత్త జీపీఎస్ సైకిల్ కంప్యూటర్ (హ్యాండిల్‌కు కట్టుకుంటే వేగం, దూరం, దారి చూపించే మీటర్) కొన్నప్పుడు కూడా అంతే. ఎక్కడ పరీక్షించాలన్న చర్చే రాలేదు.

మా అక్కావాళ్ళు కల్యాణ్ నగర్‌లో ఉంటారు. బావది నెల్లూరు. వచ్చే సీజన్‌లో 300 కిలోమీటర్ల బ్రెవె తొక్కాలని ఆయన పట్టుదల. బ్రెవె అంటే రేసు కాదు, గడువులోపు పూర్తిచేయాల్సిన సుదూర రైడ్. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి ఇరవై గంటలు, 400కి ఇరవై ఏడు గంటలు ఇస్తారు. రాత్రిపూట తెలియని ఊళ్ళ మీదుగా పోవాలి కాబట్టి దారి చూపించే మీటర్ మీద చాలా ఆధారపడాల్సి వస్తుంది. బావ కొన్నది ఖరీదైన రకం: రంగుల మ్యాప్, మల్టీబ్యాండ్ జీపీఎస్, ఎక్కుడు వస్తే ఇంకా ఎంత మిగిలిందో చూపించే స్క్రీన్. నాది కొన్నేళ్ళుగా వాడుతున్న చిన్నది. ధరలో బావదానికి నాలుగో వంతు కూడా ఉండదు. మ్యాప్ లేదు, దారిని ఒక గీతలా మాత్రం చూపిస్తుంది. ఎత్తు కొలిచే బారోమీటర్ మాత్రం రెండింటిలోనూ ఉంది.

"అబ్బయా, రెండూ నీ సైకిల్‌కే కట్టు. ఒకే దారి, ఒకే ఆకాశం. అప్పుడుగానీ తేలదు" అన్నాడు బావ. చక్రానికి ఉన్న స్పీడ్ సెన్సర్‌ను ఆ రోజుకు దేనికీ కలపలేదు. ఉపగ్రహాల మీద మాత్రమే ఆధారపడితే రెండూ ఎలా ఉంటాయో ముందు చూద్దామనుకున్నాం.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. బయల్దేరేముందు రెండింటినీ రోడ్డు మీద కదలకుండా కాసేపు ఉంచాం. ఇది చాలామంది పట్టించుకోరు గానీ తప్పకుండా చేయాల్సిన పని. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. మనం ఎక్కడున్నామో తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాల సిగ్నల్ అందాలి. అందీ అందకముందే స్టార్ట్ నొక్కి తొక్కడం మొదలుపెడితే మొదటి కిలోమీటరు గీత ఇళ్ళ మీదుగా పోతుంది.

రింగ్ రోడ్డు మీద హెబ్బాళ దాకా తేడా ఏమీ లేదు. ఫ్లైఓవర్ దాటి బళ్ళారి రోడ్డు ఎక్కాక, ఎయిర్‌పోర్టు కోసం కట్టిన ఎలివేటెడ్ రోడ్డు వారగా సర్వీస్ రోడ్డులో పోతున్నప్పుడు మొదటి తేడా కనిపించింది. సమంగా తొక్కుతుంటే చిన్నదానిలో స్పీడ్ 26 నుంచి 21కి పడి, మళ్ళీ 29కి లేచింది. పెద్దది 25, 26 దగ్గరే ఉంది. నెత్తి మీద కాంక్రీటు ఉంటే సగం ఆకాశం మూసుకుపోతుంది. మిగిలిన సిగ్నల్ కూడా గోడలకు తగిలి వస్తుంది. బావిలోకి వంగి కేకేస్తే మన గొంతే రెండు మూడుసార్లు వినబడినట్టు, ఒకే సిగ్నల్ పరికరానికి రెండు మూడుసార్లు చేరుతుంది. అసలుది ఏదో, తగిలి వచ్చింది ఏదో తేల్చుకోలేక లెక్క తప్పుతుంది. మల్టీబ్యాండ్ పరికరాలు పాత ఎల్1 తోపాటు ఎల్5 అనే రెండో ఫ్రీక్వెన్సీని కూడా వింటాయి. ఎల్5 సిగ్నల్ నిర్మాణం వల్ల ఈ ప్రతిధ్వనులను వేరుచేయడం బాగా తేలిక.

ఈ మాట చెబితే బావ వెంటనే జీపీఎస్ లాంటి మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ సంగతి ఎత్తాడు. శ్రీహరికోట పాత నెల్లూరు జిల్లాలోదే కాబట్టి ఆయనకు ఆ అభిమానం ఎక్కువ. మన నావిక్ మొదటి ఉపగ్రహం 2013 జులైలో అక్కడి నుంచే వెళ్ళింది. మొదటి తరం నావిక్ ఉపగ్రహాలు ఎల్5, ఎస్ బ్యాండ్లలోనే ప్రసారం చేసేవి. 2023 మేలో పంపిన ఎన్‌వీఎస్-01తో ఎల్1 కూడా చేరింది. మామూలు చిన్న పరికరాల్లో ఉండే చిప్‌లు ఎక్కువగా ఎల్1నే వింటాయి కాబట్టి ఇది పెద్ద అడుగు. కొనబోయే మీటర్ ఏయే దేశాల ఉపగ్రహాలను వాడుకుంటుందో పెట్టె మీద చదివి చూసుకోవడం మంచిది.

యలహంక దాటాక ఆకాశం తెరుచుకుంది, రెండు మీటర్లూ ఒకే మాట మీదికి వచ్చాయి. దేవనహళ్ళి దాటి ఎడమవైపు పల్లె రోడ్డు పట్టాం. రెండు పక్కలా ద్రాక్ష పందిళ్ళు, అక్కడక్కడా పంపర పనస చెట్లు. దేవనహళ్ళి పంపర పనసకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అప్పుడే వెలుగు వస్తోంది, ఎదురుగా కొండ. పొద్దున్నే ఆ రోడ్డు మీద తొక్కడం నాకు చాలా ఇష్టం. మీటర్లను చూడటానికే వచ్చినా కాసేపు వాటి వైపు చూడలేదు.

కొండ మొదట్లో ఆగి ఇడ్లీ తిన్నాం. పక్కన ద్రాక్ష బుట్టలు దించుకుంటున్న పెద్దాయన నా హ్యాండిల్ వంక చూసి, "ఏంది సార్, సైకిల్‌కి రెండు గడియారాలు పెట్టుకోనుండారే?" అని తెలుగులో అడిగాడు. చిక్కబళ్ళాపురం వైపు ఊళ్ళలో ఇది మామూలే, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. బావ ఆయనకు విషయమంతా ఓపిగ్గా చెప్పాడు. ఆయన ద్రాక్షకు డబ్బు తీసుకోనంటే బలవంతంగా చేతిలో పెట్టాల్సి వచ్చింది.

నంది కొండ శిఖరం 1,478 మీటర్లు. కింద నుంచి పైదాకా రోడ్డు ఏడెనిమిది కిలోమీటర్లు, దాదాపు నాలుగు వందల మీటర్ల ఎక్కుడు. మలుపు తర్వాత మలుపు, చివర్లో వచ్చేవి మరీ నిటారు. పెద్ద మీటర్ అసలు విలువ ఇక్కడ తెలిసింది. రూట్ ముందే ఎక్కించి ఉంటే ఎక్కుడు మొదలవగానే దాని బొమ్మ తెర మీదికి వస్తుంది. ఎంత ఎక్కాం, ఎంత మిగిలింది, వచ్చే అర కిలోమీటరులో వాలు ఎంత అనేది రంగుల్లో కనిపిస్తుంది. ముందు ఎర్ర ముక్క కనిపిస్తే ఇప్పుడే గేర్ దించి, ఊపిరి కూడదీసుకోవచ్చు. ఈ దారి బాగా తెలిసిన నాకు అది అంత అవసరం కాదు. తెలియని ఘాట్‌లో రాత్రి పదింటికి ఎక్కేవాడికి మాత్రం అది కొండంత ధైర్యం.

చిన్నది ఆ క్షణంలో ఉన్న వాలు శాతం మాత్రమే చెబుతుంది, అదీ ఆలస్యంగా. నిటారు మలుపులో లేచి తొక్కుతున్నప్పుడు 5 శాతం చూపిస్తుంది, మలుపు దాటి కాస్త చదును వచ్చాక 10 అంటుంది. ఎత్తులో వచ్చిన మార్పును వెళ్ళిన దూరంతో భాగించి వాలు లెక్కకడతారు. మెల్లగా, గంటకు తొమ్మిది పది కిలోమీటర్ల వేగంతో ఎక్కేటప్పుడు ఉపగ్రహాల నుంచి వచ్చే దూరం అంత నమ్మకంగా ఉండదు కాబట్టి లెక్క తేలడానికి టైం పడుతుంది.

అయితే మొత్తం ఎంత ఎత్తు ఎక్కామన్న దగ్గర రెండింటికీ తేడా పది మీటర్లు కూడా లేదు. ధర అంత తేడా ఉన్నా ఈ విషయంలో ఎందుకు కలిశాయంటే, ఎత్తును రెండూ ఉపగ్రహాల నుంచి కాక గాలి పీడనం నుంచి కొలుస్తాయి. ఉపగ్రహాలన్నీ మన పైనే ఉంటాయి, కింద ఒక్కటీ ఉండదు. అందువల్ల అడ్డంగా మనం ఎక్కడున్నామో తేలినంత బాగా ఎత్తు తేలదు. బారోమీటర్ లేని మీటర్ కొంటే కొండల లెక్క ఎప్పుడూ అనుమానమే.

పైన గాలి చల్లగా ఉంది, కింద లోయంతా మబ్బు. పెన్నానది పుట్టింది ఈ నంది కొండల్లోనే. ఇక్కడి నుంచి అనంతపురం, కడప దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. బావ చిన్నప్పుడు ఈత నేర్చుకున్నది ఆ పెన్నాలోనే. పైకి ఎక్కినప్పుడల్లా ఉత్తరం వైపు తిరిగి ఒకసారి దండం పెట్టుకుంటాడు. ఆ రోజూ పెట్టుకున్నాడు.

దిగేటప్పుడు తుంపర మొదలైంది. సగం దిగేసరికి చిన్నదానిలో ఎత్తు ఒక అంకె దగ్గర ఆగిపోయింది. ఐదారు మలుపులు దిగాక ఒక్కసారిగా వంద మీటర్లకు పైగా పడింది. గాలి లోపలికి పోయే సన్నటి రంధ్రం మీద నీటిచుక్క కూర్చుంటే ఇలా అవుతుంది, చెమట కారినా అంతే. పెద్దదానికి కూడా అలాంటి రంధ్రమే ఉంది గానీ అడుగువైపు లోతుగా ఉండటం వల్ల కాబోలు తడవలేదు. కింద ఆగి చిన్నదాన్ని గట్టిగా విదిలించి తుడిస్తే దారిలోకి వచ్చింది. బ్రెవె సీజన్‌లో వానకు దొరికేవాళ్ళు కొనేముందు ఆ రంధ్రం ఎక్కడుందో చూడాలి.

తిరుగుదారిలో కావాలనే నంది గ్రామం మీదుగా తిరిగాం. అక్కడి భోగనందీశ్వర ఆలయం 9వ శతాబ్దం నాటిది, నొళంబ రాజుల కాలంలో మొదలైంది. ఆ నొళంబుల రాజధాని మన మడకశిర దగ్గరి హేమావతే. గుళ్ళో కాసేపు కూర్చుని, ఊళ్ళ మధ్య సందుల్లోంచి దేవనహళ్ళి చేరేలా ముందే గీసుకున్న రూట్ మొదలుపెట్టాం. రోడ్డు మూడుగా చీలే చోట పెద్దది వంద మీటర్ల ముందే బీప్ కొట్టి ఎటు తిరగాలో బాణం చూపించింది. చిన్నదానిలో ఖాళీ తెర మీద ఒక గీత, ఒక బాణం గుర్తు. పక్కపక్కనే రెండు దారులు పోతుంటే ఏది మనదో తప్పులోకి దిగితేగానీ చెప్పదు. దిగిన యాభై అరవై మీటర్లకు "దారి తప్పావు" అని కూస్తుంది. పగలు, అడగడానికి మనుషులున్న చోట అది ఇబ్బంది కాదు. అర్ధరాత్రి కుక్కలున్న ఊళ్ళో మాత్రం పెద్ద టెన్షన్.

ఇంటికి చేరేసరికి పది దాటింది. నేను ఎక్కువసేపు కూర్చుని చూసింది ఇక్కడే. పొద్దున్న బయల్దేరినప్పుడు ఇంటి గేటు దగ్గర చిన్నది చూపించిన ఎత్తుకీ, అదే గేటు దగ్గర ఇప్పుడు చూపిస్తున్న ఎత్తుకీ ఇరవై మీటర్లకు పైగా తేడా ఉంది, ఇప్పటిదే తక్కువ. పరికరం చెడిపోయిందని బావ అన్నాడు. చెడిపోలేదు. మనలాంటి ఉష్ణమండల ప్రాంతాల్లో వాయుపీడనం రోజుకు రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. సూర్యుడి వేడికి వాతావరణమంతా కదలడం వల్ల వచ్చే అల అది. ఉదయం పది, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువగా, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. తేడా రెండు మూడు హెక్టోపాస్కల్స్ (వాయుపీడనం కొలిచే యూనిట్). బెంగళూరు ఎత్తులో ఒక్కో హెక్టోపాస్కల్‌కు దాదాపు తొమ్మిది మీటర్లు. పీడనం పెరిగితే మీటర్ మనం కిందికి దిగామనుకుంటుంది. మేం సరిగ్గా నాలుగింటికి బయల్దేరి పదికి తిరిగొచ్చాం కాబట్టి ఆ అల పూర్తిగా ఆ లెక్కలో పడింది. మధ్యాహ్నం బయల్దేరి సాయంత్రం తిరిగొచ్చేవాళ్ళకు దీనికి తలకిందులుగా ఇల్లు పైకి లేచినట్టు కనిపిస్తుంది. పెద్దదానిలో తేడా ఏడెనిమిది మీటర్లే ఉంది, మధ్యమధ్యలో ఉపగ్రహాల ఎత్తుతో సరిచూసుకుని దిద్దుకుంటుంది కాబట్టి. తెలిసిన ఎత్తున్న చోటు దగ్గర ప్రతిసారీ సరిచేసుకుంటే చిన్నది కూడా సరిపోతుంది.

తర్వాతి ఆదివారం ఊళ్ళోనే ఎంజీ రోడ్డు మీద మెట్రో వంతెన కింద చూశాం. చిన్నదాని గీత దుకాణాల లోపలికి పోయి వచ్చింది, పెద్దదానిది రోడ్డు మీదే ఉంది. అప్పుడు స్పీడ్ సెన్సర్ కలిపాం. ఏఎన్‌టీ ప్లస్ అనే వైర్‌లెస్ పద్ధతిలో పనిచేసే సెన్సర్ కాబట్టి ఒకేసారి రెండింటికీ వినిపిస్తుంది. సెన్సర్ కలిపాక చిన్నదాని గీత అలాగే వంకర పోయింది గానీ స్పీడ్ నిలకడైంది, మొత్తం దూరంలో పెద్దదానితో తేడా కొద్ది మీటర్లే. సెన్సర్ ధర ఈ రెండు మీటర్ల ధరల మధ్య తేడాలో చాలా చిన్న భాగం. మల్టీబ్యాండ్ కోసం డబ్బు పెట్టేముందు సెన్సర్ కొనమని నేను అందరికీ చెబుతాను. చక్రం చుట్టుకొలత మాత్రం సొంతంగా కొలిచి పెట్టుకోవాలి: వాల్వ్ నేలకు ఆనే చోట సుద్దతో గీత గీసి, సీటు మీద కూర్చుని చక్రం ఒక చుట్టు తిరిగేలా ముందుకు నడిపి మళ్ళీ గీయాలి. 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకు పట్టికల్లో 2,136 మిల్లీమీటర్లని ఉంటుంది. ఒక్క శాతం తప్పితే 300 కిలోమీటర్లలో మూడు కిలోమీటర్లు తేడా వస్తుంది. రూట్ షీట్‌లో (ఏ మలుపు ఎన్నో కిలోమీటరు దగ్గరో రాసిన కాగితంలో) ఉన్న మలుపు వెతుక్కునేటప్పుడు ఆ మూడు కిలోమీటర్లు చాలా ఎక్కువ.

ఇక చార్జింగ్. నంది రైడ్‌లో మ్యాప్, మల్టీబ్యాండ్ రెండూ పెట్టి ఉంచితే ఆరు గంటల్లో పెద్దదానిలో మూడో వంతు దిగిపోయింది. ఆ లెక్కన 300కి ఇచ్చే ఇరవై గంటలకు అది చాలదు. చిన్నది పదిహేను శాతమే తిన్నది. అందుకే బావ పెద్దదానిలో ఊరు దాటాక మల్టీబ్యాండ్ ఆపేసి, తెర వెలుతురు సగానికి తగ్గించాలని, సైకిల్ ఫ్రేమ్ పై గొట్టానికి కట్టే సంచిలో 5,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాడు. చిన్నదాన్ని కూడా ఆ రోజుకు తన హ్యాండిల్‌కే కట్టమన్నాడు. పెద్దది దారికి, చిన్నది దూరం, టైం రాసుకోవడానికి. సెన్సర్ రెండింటికీ ఉంటుంది.