ఏది ఏడుపో, ఏది సంతోషమో

బైబిల్లో ఎజ్రా గ్రంథం మూడో అధ్యాయం చివరి వచనాల దగ్గరికి వచ్చినప్పుడల్లా కాసేపు ఆగిపోతాను. యెరూషలేములో కొత్త మందిరానికి పునాది వేశారు. యాజకులు బూరలు ఊదారు, మందిర సేవ చేసే ఆసాపు వంశపు లేవీయులు తాళాలు వాయించారు. చాలామంది సంతోషం పట్టలేక కేకలు వేశారు. పాత మందిరాన్ని కళ్లారా చూసిన వృద్ధులు మాత్రం ఈ పునాది చూసి గట్టిగా ఏడ్చారు. ఏది సంతోష శబ్దమో, ఏది ఏడుపో జనం గుర్తుపట్టలేకపోయారు.

లెక్క వేసి చూడండి. సొలొమోను కట్టించిన మందిరాన్ని బబులోను సైన్యం తగలబెట్టింది క్రీ.పూ. 586లో. కొత్త పునాది పడింది సుమారు క్రీ.పూ. 536లో. మధ్యలో 50 ఏళ్లు. మందిరం కాలిపోయిన రోజు పదేళ్ల పిల్లవాడు పునాది రోజుకు అరవై ఏళ్ల తాత. అతని పక్కన నిలబడిన పాతికేళ్లవాడు, జనాన్ని బందీలుగా తీసుకుపోయిన బబులోను చెరలో పుట్టినవాడు. ఆ కుర్రవాడు ఏ మందిరాన్నీ చూడలేదు. తాతకు అది పోయినదాని గుర్తు. మనవడికి అదే మొట్టమొదటి మందిరం.

చాలాకాలం నేను ఈ కథలో కుర్రవాళ్ల పక్షమే. శుభమా అని పునాది వేస్తుంటే ఏడుపేమిటి అనుకునేవాణ్ణి. మన సంఘాల్లో కూడా అంతే కదా. కొత్త పాట మొదలవగానే వెనక వరుసలో ఎవరో తల అడ్డంగా ఊపుతారు. డ్రమ్స్ వచ్చాక ఆరాధన పోయిందంటారు. ముందు వరుసలో ఉన్నవాళ్లకు చిర్రెత్తుకొస్తుంది. ఇద్దరూ గొడవపడేది వాయిద్యాల గురించే అనుకుంటాం. వెనక వరుసలోవాళ్లు దేన్ని పోగొట్టుకున్నారో మాత్రం ఎవరూ అడగరు. వాళ్లూ చెప్పరు. "మా రోజుల్లో" అని మొదలుపెట్టి, అసలు కథ చెప్పకుండా నింద దగ్గరే ఆగిపోతారు. తప్పు రెండు వైపులా ఉంది గానీ, ఇందులో పెద్దవాళ్ల వాటా కాస్త ఎక్కువని నా అభిప్రాయం. చూసినవాడు చెప్పకపోతే చూడనివాడికి ఎలా తెలుస్తుంది?

ఆ పునాది మీద పని చాలా ఏళ్లు ఆగిపోయింది. పారసీక రాజు దర్యావేషు ఏలుబడి రెండో సంవత్సరంలో, అంటే క్రీ.పూ. 520లో, హగ్గయి ప్రవక్త వచ్చి నేరుగా ఆ ముసలివాళ్లనే కదిలించాడు. ఈ మందిరపు మునుపటి మహిమను చూసినవాళ్లు మీలో ఎవరున్నారు, ఇప్పుడిది మీ కళ్లకు ఎలా కనిపిస్తోంది అని అడిగాడు. మరిచిపొమ్మనలేదు, నోరు మూసుకోమనలేదు. ఆ వెంటనే అందరికీ కలిపి ఒకే మాట చెప్పాడు: ధైర్యం తెచ్చుకొని పని చేయండి, నేను మీకు తోడుగా ఉన్నాను అని యెహోవా అంటున్నాడు. దర్యావేషు ఆరో సంవత్సరంలో మందిరం పూర్తయింది.

పునాది రోజున పాడిన పాట సంగతి కూడా చెప్పాలి. ఆయన దయాళుడు, ఆయన కృప నిరంతరం ఉంటుంది అన్న పల్లవి అది. సొలొమోను మందిర ప్రతిష్ఠలోనూ లేవీయులు ఇదే పాడారని దినవృత్తాంతముల రెండో గ్రంథం ఐదో అధ్యాయం చెబుతోంది. రాళ్లు కొత్తవే, పాట పాతదే.

తరాల గురించి ప్రసంగం వచ్చినప్పుడు సాధారణంగా సొలొమోను కొడుకు రెహబాము రాజు కథ ఎత్తుకుంటారు. పెద్దల ఆలోచన వినలేదు, రాజ్యం చీలిపోయింది, కాబట్టి యౌవనస్థులారా వినండి అంటారు. నిజమే. కానీ ముసలి యాజకుడు ఏలీ కథ కూడా అంతే తరచుగా చెప్పాలి. రాత్రి పిలుపు వినిపించింది ఏలీ దగ్గర సేవ చేస్తున్న చిన్న సమూయేలుకు. అది ఎవరి పిలుపో ఆ పిల్లవాడికి తెలియదు. ఎవరిదో గ్రహించింది చూపు మందగించిన ఏలీ, అయితే ఆయనకు ఆ స్వరం వినిపించలేదు. ఒకరి చెవి, ఇంకొకరి అనుభవం కలిస్తేనే ఆ రాత్రి దేవుని మాట అందింది. తెల్లవారాక ఏలీ, ఏమీ దాచకుండా చెప్పమన్నాడు. వచ్చిన కబురు ఆయన ఇంటి మీద తీర్పు. పిల్లవాడి నోటి నుంచి అంత మాట విని కూడా ఏలీ కోప్పడలేదు. సెలవిచ్చినవాడు యెహోవా, ఆయనకు మంచిదని తోచినట్టు చేయనివ్వమన్నాడు. కొడుకుల విషయంలో ఏలీ ఓడిపోయాడు గానీ, ఈ ఒక్క ఉదయం మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

నాకు తెలిసిన ఒక సంఘంలో డ్రమ్స్ అంటే గిట్టని పెద్దావిడ ఒకరున్నారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, డ్రమ్స్ వాయించే అబ్బాయి ఆమె పక్కన కూర్చుని, "అమ్మా, మీకు ఏ పాట ఇష్టం?" అని అడిగాడు. ఆమె పాట పేరు చెప్పలేదు, కథ చెప్పారు. భర్త చివరి రోజుల్లో మంచం పక్కన తను రాత్రంతా పాడిన పాట అది. మరుసటి వారం ఆ పాట పాడారు. అబ్బాయి కర్రలు పక్కన పెట్టి మెల్లగా వేళ్లతోనే తాళం వేశాడు. ఆమె కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత పాట కొత్తది. బయటికి వస్తూ అబ్బాయి భుజం తట్టి, "అది మాత్రం ఇంకా చెవులు పగిలేలాగే ఉంది నాయనా" అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు.