నాన్న పాత ఫండ్లు ఎలా దొరికాయంటే

నాన్న ఉద్యోగంలో ఉన్నప్పుడు చేతిలో కాస్త డబ్బు ఆడితే చాలు, మ్యూచువల్ ఫండ్లలో పెట్టేవారు. రిటైరయ్యాక లెక్క చూద్దామంటే బీరువాలోంచి ఓ ప్లాస్టిక్ కవరు తీసిచ్చారు. ఒక కాగితం మీద స్టాండర్డ్ చార్టర్డ్, ఇంకోదాని మీద రిలయన్స్, కింద రిజిస్ట్రార్ (ఫండ్ల ఖాతాల లెక్క చూసే సంస్థ) కార్వీ. ఇప్పటి ఫండ్ సంస్థల జాబితాలో వెతికితే ఈ పేర్లే లేవు.

డబ్బు ఎక్కడికీ పోలేదు, బోర్డులు మారాయంతే. స్టాండర్డ్ చార్టర్డ్ ఫండ్ సంస్థను 2008లో ఐడీఎఫ్‌సీ కొంది, అది 2023లో బంధన్ అయింది. రిలయన్స్ 2019లో నిప్పాన్ ఇండియా అయింది. కార్వీ చూసిన రిజిస్ట్రార్ పని ఇప్పుడు కేఫిన్‌టెక్‌ది. పైగా 2017లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తెచ్చిన వర్గీకరణతో ఆ మరుసటి ఏడు బోలెడు పథకాల పేర్లు మారాయి, కొన్ని వేరేవాటిలో కలిసిపోయాయి.

యూట్యూబ్‌లో వీడియోలకు కొదవలేదు. చాలావాటి చివర డీమ్యాట్ ఖాతా తెరవమని ఓ లింకు. నాకు పనికొచ్చింది మాత్రం చూడ్డానికి చప్పగా ఉండే క్యామ్స్ అనే ఇంకో రిజిస్ట్రార్ సైటు. పాన్, ఈమెయిల్ ఇచ్చి పాస్‌వర్డ్ పెట్టుకుంటే క్యామ్స్, కేఫిన్‌టెక్ దగ్గరున్న ఫోలియోలన్నీ, అంటే ఫండ్ ఖాతాలన్నీ, ఒకే స్టేట్‌మెంట్‌గా మెయిల్‌కి వస్తాయి. పైసా ఖర్చు లేదు. కాకపోతే ఆ మెయిల్ ముందే ఫోలియోలో నమోదై ఉండాలి. నాన్నకి ఆ రోజుల్లో మెయిల్ ఎక్కడిది! తర్వాత కొన్న ఫండ్లు మాత్రమే వచ్చాయి.

పాతవి రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2007 జూలైకి ముందు చిన్న మొత్తాలకు పాన్ తప్పనిసరి కాదు. నాన్న పెట్టినవన్నీ చిన్న మొత్తాలే. అలాంటి ఫోలియోల కోసమే అన్నట్టు 2025లో సెబీ చొరవతో ‘మిత్ర’ అనే ఆన్‌లైన్ సదుపాయం వచ్చింది. పదేళ్లుగా కదలిక లేకుండా యూనిట్లు మిగిలిపోయిన ఖాతాలను అందులో వెతకొచ్చు. ఎవరిని అడగాలో అక్కడే తెలిసింది.

ఆపైన కాగితాల పనే. విజయవాడలో రిజిస్ట్రార్ సేవా కేంద్రానికి నాన్నను తీసుకెళ్లి కేవైసీ, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, నామినీ అన్నీ మార్పించాం. పాత సంతకానికీ ఇప్పటి సంతకానికీ పొంతన కుదరక బ్యాంకు మేనేజరు ధ్రువీకరణ తేవాల్సివచ్చింది. విసుగే కానీ, ఆ జాగ్రత్త లేకపోతే మన డబ్బు ఎవరైనా తీసేసుకోవచ్చు.

అన్నీ ఒకచోటికి చేరాక ఫండ్ సంస్థల సంఘమైన యాంఫీ సైటులో ఆ రోజు ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) చూసి యూనిట్లతో గుణించాను. అన్నీ రెగ్యులర్ ప్లాన్లే, అంటే ఏజెంటు కమీషన్ కలిసున్నవి. ఆరు నెలలకోసారి వచ్చే స్టేట్‌మెంట్‌లో ఏజెంటుకి ముట్టిన కమీషన్ కూడా ఉంటుంది, అది నాన్నకి చూపించాను. ఏజెంటు లేని డైరెక్ట్ ప్లాన్‌కి మారిస్తే ఖర్చు తగ్గుతుంది. కానీ అది అమ్మి మళ్లీ కొన్నట్టే లెక్క. ఈక్విటీ ఫండ్లలో ఏడాది దాటిన లాభం 1.25 లక్షలు మించితే ఆ పైదానికి 12.5 శాతం పన్ను. అందుకని ఏటా ఆ పరిమితిలోపే కొంచెం కొంచెంగా మారుద్దామన్నాను.

“పాతవి నీ ఇష్టం అమ్మా. ఆ ఏజెంటు చేతిమీదుగా కొన్న ఒక్కటి మాత్రం ఉండనీ. ఎండలో సైకిలేసుకొచ్చి ఫారాలు నింపేవాడు,” అన్నారు.

అదొక్కటీ కదపలేదు.