గ్రూప్‌-1 మెయిన్స్: పోలీసు అక్రిడిటేషన్ మీద ప్రశ్న వస్తే ఏం రాయాలి?

తిరుపతిలో గదులు తీసుకుని ఏపీపీఎస్సీ గ్రూప్‌-1 మెయిన్స్‌కు చదువుతున్న మిత్రుల కోసం ఇది. మూడో పేపర్‌లో పాలిటీ, గవర్నెన్స్, చట్టం, ఎథిక్స్ కలిసే ఉంటాయి కాబట్టి పోలీసు సంస్కరణలు ఏదో ఒక రూపంలో తగిలే అవకాశం ఎక్కువ. చాలామంది పోలీసు సంస్కరణలపై సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రకాశ్ సింగ్ తీర్పులోని ఏడు ఆదేశాలు బట్టీపట్టి, ఆ చాప్టర్ అయిపోయిందనుకుంటారు. పోలీసు శాఖ పనితీరును ఎవరు కొలవాలి, దేంతో కొలవాలి అని ప్రశ్న తిప్పి అడిగితే పెన్ను ఆగిపోతుంది.

ఆ కొలతకు ఒక మార్గం అక్రిడిటేషన్. తెలుగు మీడియం వాళ్లకు తొలి చిక్కు ఆ మాట దగ్గరే. అక్రిడిటేషన్ అనగానే విలేకరుల కార్డో, యూనివర్సిటీకి వచ్చే న్యాక్ గ్రేడో గుర్తొస్తుంది. స్టేషన్ గోడ మీద ఐఎస్‌ఓ 9001 (నాణ్యతా నిర్వహణ ప్రమాణం) సర్టిఫికెట్ కనిపిస్తే దాన్నీ ‘గుర్తింపు’ అనే రాసేస్తాం. అది సర్టిఫికేషన్, అంటే ధ్రువీకరణ. ఐఎస్‌ఓ ప్రమాణం రాస్తుందే తప్ప ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఆడిట్ చేసి ఇచ్చేది మరో సంస్థ. ఆ సంస్థకు ఆ పని చేసే సత్తా ఉందని తేల్చడమే అక్రిడిటేషన్. మన దేశంలో అది క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పరిధిలోని ఎన్‌ఏబీసీబీ అనే బోర్డు పని. ఫోరెన్సిక్ ల్యాబులకైతే ల్యాబుల ప్రమాణమైన ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రకారం ఎన్‌ఏబీఎల్ అనే బోర్డు ఇస్తుంది. ఈ తేడా రెండు వాక్యాల్లో రాస్తే చాలు, దిద్దేవారికి మీరు విషయం తెలిసి రాస్తున్నారని అర్థమవుతుంది. ఐఎస్‌ఓ 9001 సర్టిఫికెట్ శాశ్వతం కాదని కూడా చేర్చండి: మూడేళ్ల గడువు, మధ్యలో ఏటా నిఘా ఆడిట్.

ఒక నగర పోలీసు శాఖ మొత్తానికి వృత్తిపరమైన అక్రిడిటేషన్ అంటే అమెరికాలోని కాలియా గురించే రాయాలి. పూర్తి పేరు కమిషన్ ఆన్ అక్రిడిటేషన్ ఫర్ లా ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెన్సీస్. 1979లో నాలుగు పోలీసు వృత్తి సంఘాలు కలిసి పెట్టాయి. చేరడం స్వచ్ఛందం. నమోదు, స్వీయ మదింపు, బయటి మదింపుదారుల పరిశీలన, కమిషన్ ముందు నిర్ణయం, ఆపైన నిలబెట్టుకోవడం: ఇదీ క్రమం. ఒక చక్రం నాలుగేళ్లు. ఏటా ఫైళ్లు దూరం నుంచే చూస్తారు, నాలుగో ఏడు శాఖకే వచ్చి చూస్తారు. ఈ పేరా నాలుగైదు వాక్యాలు దాటొద్దు. ఇక్కడ సమాచారం ఎక్కువ గుప్పిస్తే అసలు విషయానికి చోటు మిగలదు.

ఆ అసలు విషయం ఇది. కాలియా ప్రమాణాల్లో చాలావరకు రెండు అడుగుతాయి: దీనిమీద రాతపూర్వక ఉత్తర్వు ఉందా, ఆ ఉత్తర్వు అమలైందనడానికి రుజువు ఉందా. మొదటిది ఉండి రెండోది లేకపోవడమే ఎక్కడైనా జరిగే లోపం.

దీన్ని ఉదాహరణతో చూపాలి. బస్టాండులో దొంగ దగ్గర ఫోన్ స్వాధీనం చేసుకున్నారనుకోండి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం సెక్షన్ 105 ప్రకారం తనిఖీని, స్వాధీనాన్ని ఆడియో-వీడియోగా రికార్డు చేసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. మధ్యవర్తుల నివేదిక (పంచనామా) రాయాలి. ఫోన్‌కు నెట్‌వర్క్ తెగ్గొట్టాలి, లేకుంటే దూరం నుంచే డేటా చెరిపేయొచ్చు. కవరు మీద క్రైమ్ నంబరు, తేదీ, సమయం, సంతకాలు, సీలు. స్టేషన్‌కు చేరాక ప్రాపర్టీ రిజిస్టర్‌లో ఎంట్రీ. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యంగా పెట్టాలంటే పాత సాక్ష్యాల చట్టం స్థానంలో వచ్చిన బీఎస్‌ఏ సెక్షన్ 63 కింద హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటి అంకెతో) కూడిన సర్టిఫికెట్, ఎ, బి రెండు భాగాలుగా. ఎక్కడ బెడిసికొడుతుంది? నివేదికలో సాయంత్రం 5 అని ఉంటుంది, జనరల్ డైరీలో 4.30 అని ఉంటుంది. వీడియో ఎవరి సొంత ఫోన్‌లోనో ఉండిపోతుంది. సీలు ఎప్పుడు విప్పారో, ఎవరు విప్పారో రాయరు. ముద్దాయి తరఫు లాయరుకు ఈ ఒక్క ఖాళీ చాలు. అక్రిడిటేషన్ కోసం వచ్చినవాళ్లు వెతికేదీ సరిగ్గా ఈ ఖాళీనే. ఇలాంటి ఒక్క ఉదాహరణ పది నిర్వచనాల పెట్టు.

భారత సందర్భానికి వచ్చేసరికి 2006 సెప్టెంబరు 22 నాటి ప్రకాశ్ సింగ్ తీర్పును కొత్త వైపు నుంచి వాడండి. ఏడింటినీ జాబితా వేయకుండా, పనితీరు మదింపు స్టేట్ సెక్యూరిటీ కమిషన్ (పోలీసులపై ప్రభుత్వ ఒత్తిడి పడకుండా చూసే సంఘం) బాధ్యతల్లో ఒకటని, పోలీసులపై ఫిర్యాదుల అథారిటీ ప్రజల వైపు నుంచి కొలిచే సాధనమని రాయండి. 2020 నాటి సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు, 18 నెలల రికార్డింగ్ నిల్వ అడిగింది. ఇది కొలవగల ప్రమాణానికి చక్కటి నమూనా. కెమెరా ఉందా అనేది కాదు, పోయిన ఏడాది ఫుటేజీ ఇప్పుడు తీసి చూపగలరా అనేదే పరీక్ష.

స్థానిక ఉదాహరణ ఇవ్వాలనుకుంటే జాగ్రత్త. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శన టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు చనిపోయారు. దాన్ని ఎవరి తప్పని తీర్పు చెప్పడానికి వాడొద్దు. జనసమూహ నిర్వహణకు రాత ప్రమాణం ఎలా ఉండాలో చెప్పడానికి వాడండి: ఆవరణలో ఎంతమంది పడతారు, గేటు తెరిచే ఉత్తర్వు ఎవరిది, లోపలికి, బయటికి దారులు వేరా, ఆ రోజు చేసిన రిహార్సల్‌కు రికార్డు ఏది. ‘తిరుపతి పోలీస్ కమిషనర్’ అని మాత్రం రాయకండి. ఇక్కడ జిల్లా ఎస్పీ వ్యవస్థ. కమిషనరేట్లు విజయవాడ, విశాఖలోనివి.

విమర్శకు ఒక పేరా తప్పనిసరి. కాగితం పక్కాగా ఉండి ప్రవర్తన మారకపోవడం, చిన్న శాఖలకు ఖర్చు, మదింపు తేదీ దగ్గరపడ్డాకే ఫైళ్లు సర్దడం. మా అభిప్రాయంలో మూడోదే బలమైన వాదన, దాన్నే విస్తరించండి.

పేపర్ 150 మార్కులకు 180 నిమిషాలు, అంటే 10 మార్కులకు 12 నిమిషాలు. రెండు నిమిషాలు చిత్తు గీతలకు, తొమ్మిది రాతకు, ఒకటి సెక్షన్ నంబర్లు సరిచూడడానికి. ఆ చివరి నిమిషం ఎందుకంటే, పాత నోట్సుల్లో ఇంకా కొత్త చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందటి నంబర్లే ఉంటాయి. ఎఫ్‌ఐఆర్‌కు సీఆర్‌పీసీ 154 బదులు బీఎన్‌ఎస్‌ఎస్ 173, అరెస్టుకు 41 బదులు 35, స్వాధీనానికి 102 బదులు 106, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్యాల చట్టం 65బి బదులు బీఎస్‌ఏ 63. ఈ నాలుగూ ఈ రోజే మీ నోట్సులో ఎర్ర ఇంకుతో దిద్దుకోండి.