బొగ్గు మీద పన్ను మా బోరు దాకా రాదు

కార్బన్ పన్ను, అంటే బొగ్గు లాంటి ఇంధనాలు కాల్చినందుకు వేసే పన్ను, దాని మీద ఏ రిపోర్టు తెరిచినా ఒకటే వాదన. బొగ్గు మీద పన్ను వేస్తే కరెంటు ధర పెరుగుతుంది, ధర పెరిగితే జనం వాడకం తగ్గిస్తారు, వచ్చిన డబ్బు పేదలకు పంచితే వాళ్లకూ నష్టం ఉండదు. చివర్లో ఒక పట్టిక, జీడీపీ మీద ప్రభావం సున్నా పాయింట్ ఎంతో శాతం అని. నేను అనంతపురంలో పిల్లలకు ఎకనామిక్స్ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, ఇలాంటి లెక్కలు తేల్చే ఆర్థిక మోడళ్లంటే నాకు ఇష్టమే, సెలవుల్లో కూర్చుని ఎక్సెల్లో చిన్న చిన్నవి కట్టుకుంటూ ఉంటాను కూడా. కానీ ఆ వాదనలో మొదటి మాట, అదే కరెంటు ధర పెరుగుతుందన్నది, మా పల్లెల్లో పొలం గట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఎందుకంటే బోరు మోటారుకు కరెంటు ఉచితం. 2004 మే 14న రాజశేఖరరెడ్డి ప్రమాణ స్వీకారం చేసి పెట్టిన మొదటి సంతకం దాని మీదే అని రాయలసీమలో ఎవర్నడిగినా చెబుతారు. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారినా దాన్ని తీసేసే ధైర్యం ఎవరూ చేయలేదు.

ఇక బొగ్గు మీద పన్ను మనకు కొత్తేమీ కాదు. 2010లో టన్నుకు 50 రూపాయల సెస్సుగా మొదలైంది. 2014లో 100, 2015లో 200, 2016లో 400. ఈ 400తో ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల బొగ్గు కావాలి, అంటే యూనిట్‌కు 28 పైసల పన్ను. ఐదు హెచ్‌పీ మోటారు రోజుకు తొమ్మిది గంటలు ఆడితే 33 యూనిట్లు దాటుతుంది. అంతా బొగ్గు కరెంటే అనుకుంటే రోజుకు తొమ్మిది రూపాయల చిల్లర. మోడల్ ప్రకారం రైతు ఈ తొమ్మిది రూపాయలు చూసి ఒక అరగంట ముందే మోటారు ఆపేయాలి. మా వాళ్లు ఆటో స్టార్టర్ బిగించి ఇంటికెళ్లి పడుకుంటారు, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే ఆడుతుంది. వాళ్ల వాడకాన్ని తేల్చేది ధర కాదు. కరెంటు ఎన్ని గంటలిచ్చారు, బోర్లో నీళ్లెంత ఉన్నాయి, అంతే.

ఉచితం అన్నాను కదా అని రైతుకు ఖర్చే లేదనుకోకండి. వోల్టేజీ పడిపోయి మోటారు కాలితే రీవైండింగ్ ఖర్చు రైతుదే, బోరు ఎండితే ఇంకోటి వేయించుకోవాల్సిందీ రైతే. అప్పు చేసి నాలుగైదు బోర్లు వేసి, ఒక్కదాంట్లోనూ నీళ్లు పడని ఇళ్లు మా వైపు ప్రతి ఊళ్లో ఉంటాయి. ఈ ఖర్చులేవీ కరెంటు ఖాతాలో కనబడవు, ఎక్కడో మరమ్మతుల పద్దులో, వడ్డీల పద్దులో కలిసిపోతాయి.

మరి ఆ తొమ్మిది రూపాయలు ఎటు పోయినట్టు? కడప జిల్లాలో ఆర్టీపీపీ, అదే రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంటు, ఉంది కదా, తెలుగు తొలి శాసనం దొరికిన కలమల్ల పక్కన, 1650 మెగావాట్లది. రాయలసీమలో బొగ్గు గని లేదు, అంతా రైల్లో రావాల్సిందే. ఆ బొగ్గు మీద పన్ను కరెంటు తయారుచేసే జెన్‌కో కడుతుంది, దాన్ని యూనిట్ ధరలో కలిపి, ఇళ్లకూ పొలాలకూ కరెంటు పంచే డిస్కం దగ్గర వసూలు చేసుకుంటుంది. డిస్కం రైతు దగ్గర ఏమీ తీసుకోలేదు కాబట్టి రెండే దార్లు. ఒకటి రాష్ట్ర ప్రభుత్వం సబ్సిడీ పెంచాలి. లేదంటే ట్రూఅప్ ఛార్జీల పేరుతో, అంటే ముందు వేసుకున్న అంచనా కన్నా పెరిగిన ఖర్చును తర్వాతి బిల్లుల్లో కలిపి, టౌన్లో అద్దె ఇంట్లో ఉండే వాళ్ల బిల్లు మీద పడాలి. బొగ్గు పన్ను భారం పల్లె మీద ఎంత, పట్టణం మీద ఎంత అని మోడల్ ఒక బొమ్మ గీస్తుంది చూడండి, ఈ ఒక్క మలుపు దగ్గర అది తలకిందులవుతుంది.

ఇందులో ఒక టెక్నికల్ చిక్కు కూడా ఉంది. ఉచిత కరెంటును మోడల్లో రాసుకునేటప్పుడు సబ్సిడీని వంద శాతం అని పెడితే, ఖర్చు ఎంత పెరిగినా రైతుకు సున్నానే, భారమంతా ఖజానా మీదే. అదే యూనిట్‌కు ఇన్ని రూపాయలు అని పెడితే, పెరిగిన 28 పైసలు నేరుగా రైతు నెత్తిన పడతాయి. ఒకటే విధానం, ఒకటే డేటా, ఫలితం మాత్రం పూర్తిగా వేరు. ఈ నిర్ణయం రిపోర్టులో ఎక్కడో అనుబంధంలో ఒక వాక్యంగా ఉంటుంది, ఉంటే.

అలాగని మోడళ్లన్నీ బోగస్ అనేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. ఆర్థికవేత్త లియోంటీఫ్ 1930ల్లో పరిశ్రమల మధ్య లావాదేవీల పట్టిక కట్టాడు, 1960లో నార్వేలో యోహాన్సెన్ దాన్ని ధరలతో కలిపి మొదటి సీజీఈ మోడల్ (ధరలు, ఉత్పత్తి, ఆదాయాలు అన్నీ కలిపి ఒకేసారి తేల్చే లెక్క) చేశాడు, రిచర్డ్ స్టోన్ దేశం లెక్కలన్నీ ఒకే చదరంలో కూర్చే పద్ధతిని నిలబెట్టాడు. ఆ చదరంలో ఒక నియమం ఉంటుంది, ఒకరి ఖర్చు కచ్చితంగా ఇంకొకరి ఆదాయం కావాలి, అడ్డం కూడినా నిలువు కూడినా మొత్తం సరిపోవాలి. మీటింగుల్లో "ప్రభుత్వం భరిస్తుంది" అని చెప్పి వేదిక దిగిపోవచ్చు, ఇక్కడ కుదరదు, ఏ గడిలోంచి తీశావో చూపించాలి. నాకు నచ్చేది ఇదే. నా గొడవల్లా ఆ చదరంలో ప్రభుత్వానికి ఒకే ఒక్క వరుస ఇవ్వడం మీద. మన దేశానికి కనీసం మూడు కావాలి: ఢిల్లీ, రాష్ట్రం, డిస్కం. 2020 మేలో లీటరు పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు పెంచారు గుర్తుందా? అదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాల రూపంలో వేశారు, వాటిలో రాష్ట్రాలకు వాటా ఉండదు. ఒకే వరుస ఉన్న మోడల్లో కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య ఆ తగాదా అసలు పుట్టదు.

ఆ తర్వాతది క్లోజర్. అంటే లెక్క సరిపోనప్పుడు దేన్ని కదలనివ్వాలి, దేన్ని బిగించి పెట్టాలి అన్నది. పెట్టుబడా, పొదుపా, ప్రభుత్వ లోటా? దేన్ని ఎంచుకుంటే ఏ సిద్ధాంతం బయటికొస్తుందో అమర్త్య సేన్ 1963లోనే చూపించాడు, ఇప్పటికీ చాలామంది ఈ విషయాన్ని ఫుట్‌నోట్లో దాచేస్తారు. మన రాష్ట్రం సంగతే తీసుకోండి. అప్పుకు కేంద్రం పరిమితి పెడుతుంది, మామూలుగా రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో మూడు శాతం దగ్గర. 2021-22 నుంచి కొన్నేళ్లు విద్యుత్ సంస్కరణలు చేస్తే ఇంకో అర శాతం ఇస్తామన్నారు. లోటు కదలదు, జీతాలు పింఛన్లు కదలవు, ఉచిత కరెంటు కదలదు, ఇక కదిలేది ఏది? పనులు. కాలువ పనులు, రోడ్లు.

మా దగ్గర ఆ కాలువ పేరు హంద్రీనీవా. శ్రీశైలం నీళ్లను ఎత్తిపోసి కర్నూలు మీదుగా అనంతపురం తెచ్చే పథకం, పంపులు ఆడాలంటే దానికీ కరెంటే కావాలి. బొగ్గు పన్నుతో సబ్సిడీ పెరిగి, కాలువ పని వాయిదా పడి, నీళ్లు రాని పొలంలో ఇంకో బోరు పడి, అది ఇంకా లోతు నుంచి నీళ్లు తోడి ఇంకా ఎక్కువ కరెంటు తాగితే? ఉద్గారాలు తగ్గించడానికి వేసిన పన్ను కాస్తా వాటిని పెంచి కూర్చుంటుంది. ఇలా జరిగి తీరుతుందని నేననను, ఎంత బలంగా జరుగుతుందో తేల్చడానికే మోడల్ కావాలి, కానీ ముందు ఆ దారి అందులో ఉండాలి కదా.

వచ్చిన డబ్బు పేదలకు పంచడం గురించి ఒక మాట. 2013 జూన్‌లో గ్యాస్ సబ్సిడీని బ్యాంకు ఖాతాలో వేసే పథకానికి దేశంలో మొదటగా ఎంచుకున్న 20 జిల్లాల్లో అనంతపురం ఒకటి. సిలిండర్‌కు ముందు పూర్తి ధర కట్టాలి, సబ్సిడీ తర్వాత పడుతుంది. 2014 జనవరిలో ఆపేశారు, నవంబర్‌లో మార్పులు చేసి మళ్లీ తెచ్చారు. మోడల్లో పన్ను, పంపకం ఒకే ఏడాది గడిలో జరిగిపోతాయి కాబట్టి మధ్యలో టెన్షన్ ఉండదు, ఇంట్లో మాత్రం ఆ మధ్య వారాలకు చేబదులు కావాలి. ఇరాన్ 2010లో ఇంధన ధరలు పెంచకముందే ఖాతాల్లో డబ్బు వేసి ఉంచింది. తర్వాత ధరలు పెరిగి ఆ డబ్బు విలువ కరిగిపోయిందనుకోండి, కానీ వరస మాత్రం సరైనదే. నైజీరియా 2023లో ముందు సబ్సిడీ ఎత్తేసి తర్వాత సాయం గురించి మాట్లాడింది, రెంటికీ తేడా జనానికి తెలుస్తుంది.

కరువు గురించి పెద్దగా సాగదీయను. ఏడాది సగటు ఉష్ణోగ్రత పెట్టి నష్టం లెక్కేసే మోడళ్లు అనంతపురాన్ని చూడలేవు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట అది ఏ నెలలో పడిందన్నదే చెనక్కాయ పంటకు ముఖ్యం. వాన మొహం చాటేసిన ఏడాది పంటా ఆదాయమూ పడిపోతాయి, అదే ఏడాది ఉపాధి హామీ ఖర్చు పెరగాలి. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మా జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టింది ఊరికే కాదు.

ఈ మధ్య జరిగిన ఒక మార్పుతో ఆపేస్తాను, నన్ను ఇంత పొడుగు రాయించింది అదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి బొగ్గు మీద ఆ 400 సెస్సు తీసేసి, జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పాత లెక్కలో టన్ను ధర ఎంతైనా 400 కట్టాల్సిందే. కొత్త దాంట్లో పన్ను ధరను బట్టి. 13 శాతం తేడా 400తో సమానమయ్యేది టన్ను సుమారు 3077 రూపాయలున్నప్పుడు. అంతకన్నా చవక బొగ్గు మీద పన్ను తగ్గింది, ఖరీదైన దాని మీద పెరిగింది. టన్ను 1500 రూపాయల బొగ్గు అయితే పన్ను 475 (జీఎస్టీ 75, సెస్సు 400) నుంచి 270కి దిగింది. చవక బొగ్గులో బూడిద ఎక్కువ, వేడి తక్కువ, అదే యూనిట్ కరెంటుకు అది ఇంకా ఎక్కువ కాల్చాలి. పైగా కరెంటు మీద జీఎస్టీ లేదు కాబట్టి జెన్‌కో బొగ్గు మీద కట్టిన ఈ పన్నును ప్రభుత్వం నుంచి తిరిగి రాబట్టుకోలేదు, అంతా ఖర్చులోనే కలుస్తుంది. ఇంకో పక్క చూస్తే సెస్సు ఢిల్లీ దగ్గర పోగయ్యేది, జీఎస్టీలో సగం బొగ్గు కాల్చే రాష్ట్రానికే వస్తుంది. అంటే సబ్సిడీ పెరిగే ఖజానాకే కొంత పన్నూ వచ్చి పడుతుంది, ఇది పాత 400 కన్నా మెరుగు. రెండూ కలిపితే రాష్ట్రానికి నికరంగా లాభమా నష్టమా అన్నది ఆర్టీపీపీ ఏ ధరకు బొగ్గు కొంటోందన్న దాన్ని బట్టి తేలుతుంది. మూడు వరుసలు విడదీసి ఈ లెక్క కట్టాలని ఉంది. అనంతపురం, కడప, కర్నూలు వైపు ఎక్సెల్ బాగా వచ్చిన ఎంఏ పిల్లలు ఎవరైనా ఉంటే చెప్పండప్పా, కలిసి కూర్చుందాం.