చేజేతులా ఓడిపోయాం అనే మాట గురించి

పెద్ద మ్యాచ్ ఓడిపోయిన కాసేపటికే ఇరవై ఏళ్ల కుర్రాడిని మైకు ముందు కూర్చోబెట్టి ఎందుకు ఓడారు అని అడగడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది, అయినా ఆ జవాబులు మాత్రం వదలకుండా వింటాను. గెలిచినవాడు ఏం చెప్తాడో ముందే తెలిసిపోతుంది, దేవుడి దయ, కోచ్‌లు, టీమ్‌మేట్స్, ఫ్యాన్స్, అంతే కదా. ఓడినవాడు మాట్లాడినప్పుడే వాడి లోపల ఏముందో కొంచెం బయటపడుతుంది. అమెరికాలో ఉంటూ కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి పట్టిన మన తెలుగు వాళ్ళు చాలామందే ఉన్నారు, చదివిన యూనివర్సిటీ టీమ్ ఓడితే ఆదివారం మొత్తం మూడ్ పాడవుతుంది, కాబట్టి వాళ్ళకి ఈ గొడవంతా తెలిసిందే. మిగతా వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. ఇది కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, లేదంటే బంతి అవతలి టీమ్‌కి పోతుంది. చేతిలోంచి జారిపోతే ఫంబుల్, విసిరింది అవతలివాడు పట్టేస్తే ఇంటర్‌సెప్షన్, అలా బంతి పోగొట్టుకుంటే టర్నోవర్ అంటారు. ఓడిన టీమ్ ఎక్కువగా చెప్పే కారణం ఈ టర్నోవర్లే.

నాకు ఈ విషయంలో ఎప్పటికీ గుర్తుండిపోయే మ్యాచ్ 2015 జనవరి 1న పాసడీనాలో జరిగిన రోజ్ బౌల్ (సీజన్ చివర్లో జరిగే పెద్ద మ్యాచ్‌ల్ని బౌల్ అంటారు). ఫ్లోరిడా స్టేట్, ఆరెగన్ యూనివర్సిటీల టీమ్‌లు, ఛాంపియన్‌ని తేల్చడానికి ప్లేఆఫ్ పద్ధతి మొదలుపెట్టిన తొలి ఏడాది సెమీఫైనల్. ఫ్లోరిడా స్టేట్ అప్పటికి వరసగా 29 మ్యాచ్‌లు గెలిచి వచ్చింది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపించేవాడు) జేమిస్ విన్‌స్టన్‌ 2013లో హైస్‌మన్ ట్రోఫీ, అంటే ఏడాదికి కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు, గెలిచినవాడు, తను మొదటి నుంచీ దిగి ఆడిన ఒక్క మ్యాచ్ కూడా కాలేజీలో అప్పటిదాకా ఓడలేదు. ఇటు ఆరెగన్ క్వార్టర్‌బ్యాక్ మార్కస్ మారియోటా 2014 హైస్‌మన్ విజేత. హాఫ్‌టైమ్‌కి 18-13, ఆరెగన్ కాస్త ముందు. మూడో క్వార్టర్‌లో 25-20 దాకా వచ్చింది, ఇంకేముంది ఫ్లోరిడా స్టేట్ మళ్ళీ లేస్తుంది అనుకున్నారు అందరూ. అక్కణ్ణించి ఆరెగన్ వరసగా 34 పాయింట్లు కొట్టింది, ఇవతలి వాళ్ళకి ఒక్క పాయింట్ లేదు. 59-20.

ఆ మ్యాచ్ చూడనివాళ్ళు కూడా ఒక్క ఆట మాత్రం వీడియోలో చూసే ఉంటారు. నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, విన్‌స్టన్ బంతి పట్టుకుని ఎవరైనా ఖాళీ దొరుకుతారా అని చూస్తూ వెనక్కి వెనక్కి పోతున్నాడు, మీదకి డిఫెన్స్ వచ్చేస్తోంది, తిరిగి విసరబోయేసరికి కాలు జారింది, వెల్లకిలా పడుతూ ఉంటే బంతి చేతిలోంచి తన వెనక్కే ఎగిరిపోయింది. ఆరెగన్ ఆటగాడు టోనీ వాషింగ్టన్ దాన్ని అందుకుని 58 గజాలు పరిగెత్తి అవతలి చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. ఆ మధ్యలోనే సైడ్‌లైన్‌లో కోచ్ జింబో ఫిషర్, విన్‌స్టన్ ఇద్దరూ గట్టిగా మాటా మాటా అనుకోవడం కూడా టీవీలో అందరూ చూశారు.

మ్యాచ్ అయ్యాక విన్‌స్టన్ ఏమన్నాడంటే, ఇది ఎటైనా పోయే మ్యాచే, బంతి ఎక్కువసార్లు పోగొట్టుకున్నాం, మమ్మల్ని మేమే ఓడించుకున్నాం అని. అంటే మన పేపర్ భాషలో చేజేతులా ఓడాం అని. 39 పాయింట్ల తేడాతో ఓడిన మ్యాచ్ ఎటైనా పోయేదట! ఆ రాత్రంతా ఆన్‌లైన్‌లో ఆడేసుకున్నారు కుర్రాడిని, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది, పొగరు, ఓటమి ఒప్పుకోవడం రాదు, ఇలా ఎవరికి తోచింది వాళ్ళు.

నేను ఆ వెక్కిరింతలతో ఏకీభవించను, అదే సమయంలో విన్‌స్టన్ అన్నదాంతోనూ ఏకీభవించను, ఈ రెండూ ఎందుకో వివరంగా చెప్పాలని ఉంది.

ముందు కుర్రాడి తరఫున. ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో చూడండి. దాదాపు ఏడాది ముందు, 2014 జనవరి 6న, అదే పాసడీనాలో, అదే స్టేడియంలో జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో ఆబర్న్ మీద 21-3తో వెనకబడ్డారు వీళ్ళు. చివరికి 13 సెకన్లు మిగిలి ఉండగా విన్‌స్టన్ టచ్‌డౌన్ పాస్ విసిరి 34-31తో గెలిపించాడు, ఆ రోజు అతని 20వ పుట్టినరోజు కూడా. ఆ తర్వాతి సీజన్ మొత్తం అదే కథ. నార్త్ కెరొలైనా స్టేట్ మీద 24-7 వెనకపడి 56-41తో గెలిచారు, లూయివిల్ మీద 21-0 వెనకపడి 42-31, మయామీ మీద 23-7 వెనకపడి 30-26. ఇన్నిసార్లు గోతిలోంచి పైకొచ్చినవాడికి 25-20 దగ్గర భయం ఎందుకు వేస్తుంది చెప్పండి, 45 పాయింట్లు పడ్డాక కూడా ఇంకా అయిపోలేదు అనే అనిపిస్తుంది. ఆ నమ్మకమే లేకపోతే ఆబర్న్ మీద ఆ ఆఖరి డ్రైవ్ (బంతి చేతికొచ్చాక వరసగా చేసే దాడి) ఉండేదే కాదు. గెలిచినంతకాలం మనం దాన్ని ధైర్యం అని మెచ్చుకుని, ఓడిన రాత్రి అదే దాన్ని పొగరు అంటే ఎలా? ఆ నమ్మకం స్విచ్ వేసి ఆపేసేది కాదు కదా, చెమట ఆరకముందే ఇరవై ఏళ్లవాడు దాన్ని పక్కన పెట్టి నిష్పక్షపాతంగా విశ్లేషణ చేయాలని ఆశించడం మన తప్పు.

ఇక రెండోవైపు. సైకాలజీ వాళ్ళు ఎప్పట్నుంచో చెప్పే విషయం ఒకటుంది, గెలిస్తే మన గొప్ప, ఓడితే అంపైరో వాతావరణమో అదృష్టమో అని మనిషి తనకి అనుకూలంగా లెక్క వేసుకుంటాడు అని. చేజేతులా ఓడాం అనే మాట దీనికి ఉల్టా ఉన్నట్టు కనిపిస్తుంది, తప్పు తన మీదే వేసుకుంటున్నాడు కదా, ఎంత నిజాయితీ అనిపిస్తుంది. నాకు మాత్రం సాకులన్నింటిలో ఇదే బలమైన సాకు అనిపిస్తుంది. ఎందుకంటే రిఫరీని తిడితే వినేవాడికి అది సాకు అని వెంటనే తెలిసిపోతుంది, దీంట్లో అది తెలియదు. తప్పు మాదే అంటూనే అవతలి టీమ్‌ని మొత్తం సీన్‌లోంచి తీసేస్తుంది ఈ మాట. మేము సరిగ్గా ఆడుంటే మమ్మల్ని ఆపేవాడే లేడు అని దాని అర్థం.

ఆ రోజు జరిగింది అది కాదు. ఫ్లోరిడా స్టేట్ గజాలు బాగానే సంపాదించింది, ఐదు వందలు దాటాయి, ఆ మేరకు విన్‌స్టన్ చెప్పింది నిజమే. కానీ ఐదు టర్నోవర్లూ వాటంతట అవి రాలేదు. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ డాల్విన్ కుక్ చేతిలోంచి బంతి రెండుసార్లు పోయింది. పరిగెత్తేవాడిని ఒకడు పట్టుకుంటే ఇంకొకడు పొట్ట దగ్గర అదిమి పెట్టుకున్న బంతిని పిడికిలితో గుద్ది ఊడగొట్టడం డిఫెన్స్ వాళ్ళు వారం వారం ప్రాక్టీస్‌లో నేర్చుకునే విద్య. విన్‌స్టన్ కాలు జారింది నిజమే గానీ అంత వెనక్కి అతన్ని తరిమింది ఎవరు? పైగా ఆరెగన్ ఆడే వేగానికి అవతలి డిఫెన్స్‌కి ఊపిరి తీసుకునే టైమ్ ఉండదు, హడిల్ పెట్టకుండానే, అంటే గుమిగూడి మాట్లాడుకోకుండానే, తర్వాతి ఆట మొదలుపెట్టేస్తారు, సెకండ్ హాఫ్‌కి ఫ్లోరిడా స్టేట్ కుర్రాళ్ళ కాళ్ళు బరువెక్కిపోవడం కళ్ళకి కనిపించింది. ఇంత పని చేసినవాళ్ళని లెక్కలోంచి తీసేయడం నాకు బాధగా అనిపించింది, వాళ్ళు కూడా ఇరవై ఏళ్ల కుర్రాళ్ళే కదా, వాళ్ళ జీవితంలోనూ అదే పెద్ద మ్యాచ్.

నమ్మకం ఉంటే ఇలాగే మాట్లాడాలా, వేరే దారి లేదా అంటే ఉంది. 2008 సెప్టెంబర్ 27న గెయిన్స్‌విల్‌లో ఫ్లోరిడా టీమ్ (ఇది ఫ్లోరిడా స్టేట్ కాదు, వేరే యూనివర్సిటీ) ఓల్ మిస్, అంటే మిసిసిపీ యూనివర్సిటీ, చేతిలో 31-30తో ఓడింది, సొంత గ్రౌండ్‌లో, ఒక్క పాయింట్‌తో. కావాలంటే సాకులు బోలెడు, ఫంబుల్స్ అయ్యాయి, టచ్‌డౌన్ తర్వాత కొట్టే ఎక్స్‌ట్రా పాయింట్ కిక్ బ్లాక్ అయింది, ఆఖర్లో నాలుగో డౌన్‌కి ఒక్క గజం కావాల్సి వస్తే క్వార్టర్‌బ్యాక్ టిమ్ టీబోనే ముందుకు దూకాడు, అవతలి వాళ్ళు ఆపేశారు. తర్వాత ప్రెస్ ముందు టీబో కళ్ళనీళ్ళు ఆపుకుంటూ ముందు ఫ్యాన్స్‌కి సారీ చెప్పాడు, ఓటమి లేని సీజన్ కావాలనుకున్నాను అన్నాడు, మిగతా సీజన్‌లో నాకంటే కష్టపడి ఆడే ఆటగాడిని ఈ దేశంలో ఎక్కడా చూడరు అని మాటిచ్చి లేచి వెళ్ళిపోయాడు. ఇందులో నమ్మకం తక్కువేం లేదు, నిజానికి విన్‌స్టన్ కంటే ఎక్కువే ఉంది. కాకపోతే ఆ నమ్మకం అంతా రాబోయే మ్యాచ్‌ల మీద పెట్టాడు, అయిపోయిన మ్యాచ్‌ని మార్చి చెప్పడానికి వాడలేదు. ఆ తర్వాత ఫ్లోరిడా ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వెళ్ళి 2009 జనవరి 8న ఓక్లహోమా మీద 24-14తో ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆ మాటల్ని ఫలకం మీద చెక్కించి స్టేడియం బయట పెట్టారు. ఓడిపోయి ఉంటే ఆ ఫలకం ఉండేది కాదు, అది నాకూ తెలుసు, అయినా ఆ రాత్రికి అది మంచి జవాబే.

అసలైన కారణం ఉన్నవాడి సంగతి చెప్పాలంటే కోల్ట్ మెకాయ్. 2010 జనవరి 7, మళ్ళీ పాసడీనాలోనే, టెక్సస్, అలబామా ఫైనల్. నాలుగేళ్ళు ఆ ఒక్క రాత్రి కోసం ఆడిన సీనియర్ క్వార్టర్‌బ్యాక్‌కి మొదటి డ్రైవ్‌లోనే భుజానికి దెబ్బ తగిలి చెయ్యి మొద్దుబారిపోయింది, మళ్ళీ మ్యాచ్‌లోకి రాలేదు. ఫ్రెష్‌మన్, అంటే మొదటి ఏడాది కుర్రాడు, గ్యారెట్ గిల్బర్ట్‌ని దింపారు, ఆ కుర్రాడు 24-6 నుంచి 24-21 దాకా తెచ్చాడు, చివరికి 37-21తో ఓడిపోయారు. నేనుంటే గెలిచేవాళ్ళం అని మెకాయ్ ఆ రాత్రి అనుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. గ్రౌండ్‌లోనే మైకు పెట్టి అడిగితే గొంతు పూడుకుపోయి కాసేపు మాట రాలేదు, టీమ్‌తో పాటు ఆడటానికి నాకున్నదంతా ఇచ్చేసేవాణ్ణి అన్నాడు, అలబామాకి కంగ్రాట్స్ చెప్పాడు, గిల్బర్ట్ శాయశక్తులా ఆడాడని మెచ్చుకున్నాడు. ఆ ఇంటర్వ్యూ ఇప్పుడు చూసినా నాకు కళ్ళు చెమరుస్తాయి.

ఆటగాళ్ళ సాకుల కంటే ఫ్యాన్స్ సాకులు చాలా ప్రమాదం, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. 2013 నవంబర్ 30న అలబామా, ఆబర్న్ మ్యాచ్‌లో ఆఖరి సెకనులో అలబామా కొట్టిన 57 గజాల కిక్ గోల్ దాకా చేరకపోతే ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ దాన్ని పట్టుకుని గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తి 34-28తో గెలిపించాడు. అంతకుముందు కిక్కర్ కేడ్ ఫాస్టర్ మూడు ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నడం) ప్రయత్నాల్లో పాయింట్లు రాబట్టలేకపోయాడు. అంతే, మొత్తం ఓటమి అతని నెత్తిన వేశారు, చంపుతామని మెసేజ్‌లు పెట్టారు ఒక స్టూడెంట్‌కి! మాజీ ప్రెసిడెంట్ జార్జ్ బుష్ స్వయంగా ఉత్తరం రాసి ధైర్యం చెప్పాల్సి వచ్చింది, ఫాస్టర్ జెర్సీ నంబర్ 43, బుష్ 43వ ప్రెసిడెంట్, ఇంకో 43 అని సంతకం పెట్టాడు. ఆ మ్యాచ్‌లో అలబామా ఆఖరి క్వార్టర్‌లో ఆబర్న్‌ని ఆపలేకపోయింది, నాలుగో డౌన్‌కి ఒక్క గజం తీసుకోలేకపోయింది, అవన్నీ మర్చిపోయారు. తర్వాత షుగర్ బౌల్‌లో ఓక్లహోమా చేతిలో 45-31తో ఓడితే, ఛాంపియన్‌షిప్ చేజారాక కుర్రాళ్ళకి ఆ మ్యాచ్ మీద మనసు లేకపోయింది అన్న అర్థంలో కోచ్ నిక్ సేబన్ తర్వాత మాట్లాడాడు. సేబన్ అంటే నాకు చాలా గౌరవం, ఆ మాట మాత్రం నచ్చలేదు, ఓక్లహోమా కుర్రాళ్ళకి మనసు ఉంది, గెలిచారు.

కారణం నిజంగా ఉంటే అది చెప్పాల్సింది గెలిచినవాడు అని నాకు 2023 డిసెంబర్ 30న అనిపించింది. మళ్ళీ ఫ్లోరిడా స్టేట్. ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచి 13-0తో ఉన్నా, క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగిందని ప్లేఆఫ్‌లోకి తీసుకోలేదు, దాంతో రెండు డజన్లకి పైగా ఆటగాళ్ళు లేకుండా ఆరెంజ్ బౌల్‌కి వచ్చి జార్జియా చేతిలో 63-3తో చిత్తయ్యారు. ఆ రాత్రి జార్జియా కోచ్ కర్బీ స్మార్ట్ తన గెలుపు గురించి గొప్పలు పోకుండా, ఇలాంటి మ్యాచ్ జరగకూడదు, దీన్ని సరిచేయాలి అన్నాడు. ఓడినవాళ్ళ తరఫున ఓడించినవాడే మాట్లాడితే దాన్ని ఎవరూ సాకు అనలేరు.

విన్‌స్టన్ ఆ తర్వాత కూడా మారలేదు, ప్రొఫెషనల్ టీమ్‌లు ఆటగాళ్ళని ఎంచుకునే 2015 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ అయ్యాడు, ప్రొఫెషనల్‌గా తొలి మ్యాచ్‌లో మళ్ళీ మారియోటానే ఎదురై 42-14తో ఓడించాడు, విన్‌స్టన్ విసిరిన మొదటి పాసే ఇంటర్‌సెప్ట్ అయి టచ్‌డౌన్ అయింది. 2019 సీజన్‌లో 33 టచ్‌డౌన్లు, 30 ఇంటర్‌సెప్షన్లు విసిరాడు, అలా రెండూ కనీసం 30 చేసినవాడు ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) చరిత్రలో అంతకుముందు ఎవరూ లేరు. ఎన్ని పోయినా తర్వాతి పాస్ విసరడానికి జంకలేదు. ఆ సీజన్ అయ్యాక కళ్ళకి లేజర్ ఆపరేషన్ చేయించుకున్నాడు, చాలామంది నవ్వారు గానీ నాకు అది నచ్చింది, చూపు సరిగా లేదు అని మైకు ముందు చెప్పుకోవడం వేరు, వెళ్ళి బాగుచేయించుకోవడం వేరు.

ఇక టర్నోవర్ల వల్లే పోయింది అనేవాళ్ళకి నేను చూపించే మ్యాచ్ ఒకటుంది. రోజ్ బౌల్ అయిన పదకొండు రోజులకి, 2015 జనవరి 12న టెక్సస్‌లో ఫైనల్, అదే ఆరెగన్, అవతల ఒహాయో స్టేట్. ఒహాయో స్టేట్‌కి మొదటి క్వార్టర్‌బ్యాక్ సీజన్ మొదలవకముందే గాయంతో పోయాడు, రెండోవాడు మిషిగన్ మ్యాచ్‌లో కాలు విరగ్గొట్టుకున్నాడు, ఆడుతున్నది మూడోవాడు కార్డేల్ జోన్స్, కాలేజీలో అతను మొదటి నుంచీ దిగి ఆడుతున్నది మూడో మ్యాచ్. ఆ రాత్రి వాళ్ళు బంతిని నాలుగుసార్లు పోగొట్టుకున్నారు. 42-20తో గెలిచింది వాళ్ళే.