45 సెకన్లలో టిబెట్

2024 జనవరి 23న జెనీవాలో, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి సమీక్షలో చైనా వంతు వచ్చింది. ఇందులో ఒక దేశం మానవ హక్కుల తీరుపై మిగతా దేశాలు సిఫార్సులు చేస్తాయి; ఏవి ఒప్పుకుంటుందో ఆ దేశమే చెబుతుంది. మాట్లాడతామని 160కి పైగా దేశాలు పేర్లిచ్చాయి. ఉన్న సమయాన్ని పంచితే ఒక్కో దేశానికి దక్కింది సుమారు 45 సెకన్లు. టైమ్ అయిపోతే మైక్ కట్.

ఇంత ఇరుకులో టిబెట్ గురించి ఏం అడగాలి? షిన్‌జియాంగ్, టిబెట్, హాంకాంగ్ మూడింటినీ ఒకే సిఫార్సులో కుక్కేస్తే, ఒక్క ముక్క నచ్చలేదని మొత్తం పక్కన పడేయడానికి వీలు దొరుకుతుంది. ‘మైనారిటీల సంస్కృతిని కాపాడండి’ అనడం ఇంకా నీరసం. చైనా నవ్వుతూ ఒప్పుకుంటుంది, ఎప్పటినుంచో చేస్తున్నామంటుంది. లెక్కల్లో అది ‘ఆమోదించిన సిఫార్సు’ కూడా అయిపోతుంది!

మంచి సిఫార్సులో ఎక్కడ, ఏం, ఎలా అన్నది స్పష్టంగా ఉండాలి. బోర్డింగ్ స్కూళ్ల సంగతే చూడండి. సుమారు పది లక్షల మంది టిబెటన్ పిల్లలు ఇళ్లకు దూరంగా ఈ బడుల్లో ఉన్నారని 2023 ఫిబ్రవరిలో ముగ్గురు ఐరాస నిపుణులు ఆందోళన చెప్పారు. ‘పిల్లల్ని బలవంతంగా చేర్చడం ఆపండి, ఊళ్లోనే టిబెటన్ మాధ్యమంలో బడులు తెరవండి, నిపుణుల్ని చూడనివ్వండి’ అంటే దాటేయడం కష్టం. కాదన్నా ఆ మాట రికార్డుకెక్కుతుంది, తర్వాతి సమీక్షలో అదే కాగితం చూపించి నిలదీయొచ్చు.

టిబెటన్ బౌద్ధంలో దలైలామా తర్వాతి పెద్ద గురువైన పాంచెన్ లామాగా దలైలామా గుర్తించిన గెధున్ చోక్యి న్యిమా విషయమూ అంతే. 1995 మేలో, ఆరేళ్ల వయసులో, కనిపించకుండా పోయారు. ‘ఎలా ఉన్నాడు?’ అంటే ‘మామూలుగా బతుకుతున్నాడు’ అనే జవాబే వస్తుంది. ‘స్వతంత్ర నిపుణులు ఎప్పుడు కలవొచ్చు?’ అని అడగాలి.