మూడు మడులు, మూడు సీసాలు

మాది వరంగల్ శివార్లలో ఇల్లు, వెనక కాస్త జాగా. ఎర్ర చెల్క. తడిస్తే బురద, ఎండితే పెంకు. భూసార పరీక్ష చేయిస్తే సేంద్రియ కర్బనం (ఆకులు, పెంట కుళ్లి మట్టిలో చేరే కార్బన్) 0.38 శాతం వచ్చింది. 0.5 లోపుంటే 'తక్కువ' కింద లెక్క. ఏటా పెంట వేస్తూనే ఉన్నాను కదా, అదంతా ఎటు పోతోంది? తేల్చుకుందామని నిరుడు మృగశిరకు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున మూడు మడులు కట్టాను.

మొదటి మడికి ఏమీ వేయలేదు. రెండోదానికి 8 కిలోల మాగిన కంపోస్టు. మూడోదానికి అదే 8 కిలోలు, దానితో నాలుగు తట్టల చెరువు మట్టి. మూడింటిలోనూ గోరుచిక్కుడే పెట్టాను.

కంపోస్టు మొదటిసారి చెడింది. వంటింటి తుక్కు ఎక్కువై కుళ్లు కంపు కొట్టింది, పక్కింటి అత్తమ్మ గోడ మీది నుంచే నాలుగు మాటలు అంది. ఎండుటాకులు మూడు తట్టలకు పచ్చి తుక్కు ఒక తట్ట చొప్పున మళ్లీ కలిపాక కుప్ప దారికొచ్చింది. ఐదో రోజు లోపల గుచ్చిన ఇనుప చువ్వ తీస్తే చేత్తో పట్టుకోలేకపోయాను. నాలుగు నెలలకు మాగింది.

ఇక పరీక్ష. మట్టిలో హ్యూమస్, అంటే కుళ్లి మాగిన నల్లటి సేంద్రియ పదార్థం, ఎంతుందో రంగుతో చూడాలని. నీడన ఆరబెట్టి పిండి జల్లెడ పట్టిన మట్టి 10 గ్రాములు, లీటరు నీళ్లకు 4 గ్రాముల కాస్టిక్ సోడా కలిపిన ద్రావణం 100 మిల్లీలీటర్లు. సీసాలో పోసి బాగా కుదిపి రాత్రంతా వదిలేస్తే పొద్దున పైన గోధుమరంగు నీళ్లు తేలతాయి. వాటిని వేరే సీసాలోకి వంచి, బాత్రూం యాసిడ్ చుక్కచుక్కగా వేయాలి. పీహెచ్ 1, 2 మధ్యకు దిగేసరికి దూదిలాంటి గోధుమరంగు మడ్డి విరిగి కిందికి దిగుతుంది. అది హ్యూమిక్ ఆమ్లం. పైన మిగిలే పసుపు నీళ్లలో ఉండేది ఫుల్విక్ ఆమ్లం. కాస్టిక్‌కూ లొంగకుండా మట్టిలోనే ఉండిపోయేది హ్యూమిన్. మూడూ హ్యూమస్‌లోని భాగాలే. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు, పని ఆరుబయట. ఆ దగ్గర్లో బ్లీచింగ్ పౌడర్ ఉండకూడదు.

సంక్రాంతికి చూస్తే మొదటి సీసా పలచటి టీ, మిగతా రెండూ డికాక్షన్. సంబరపడ్డాను. రోహిణి ఎండలు దాటాక మళ్లీ తీస్తే రెండోది కూడా టీ అయిపోయింది. మూడోది మాత్రం ఇంకా చిక్కగానే ఉంది. ఇసుకపాలు ఎక్కువున్న నేలలో, ఈ వేడికి, సూక్ష్మజీవులు తినేదాన్ని ఆపేది ఏమీ ఉండదు. చెరువు మట్టిలోని బంకమట్టి రేణువులైతే సేంద్రియ పదార్థాన్ని తమకు అంటించుకుని సూక్ష్మజీవుల నోటికి అందకుండా చేస్తాయి. పైగా రెండో మడిని చలికాలంలో రెండుసార్లు తవ్వాను. గాలి తగిలితే ఇంకా తొందరగా కరుగుతుందని తెలిసీ చేసిన పని.

అయితే ఈ రంగును నమ్మొచ్చా? అనుమానమొచ్చి పచ్చి పేడ ఎండబెట్టి అదే కాస్టిక్‌లో వేశాను. అన్నిటికన్నా నల్లగా దిగింది! పేడలో అప్పటికి హ్యూమస్ ఎక్కడిది? గడ్డికి గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని కూడా కాస్టిక్ లాంటి క్షారం లాగేస్తుంది. 1786లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అఖార్డ్ పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లిన మొక్కల) మట్టి మీద మొదలుపెట్టిన పద్ధతే ఇది. 2015లో నేల శాస్త్రవేత్తలు లేమన్, క్లెబర్ 'నేచర్' పత్రికలో అన్నదీ ఇలాంటి మాటే: క్షారంతో తీసిన పదార్థం నేలలో సహజంగా ఉన్నదానికి అద్దం పట్టదని. షాపుల్లో అమ్మే నల్లటి హ్యూమిక్ సీసాలు కూడా చాలావరకు బొగ్గుజాతి ఖనిజం నుంచి క్షారంతో తీసినవే, అందుకే ఆ నలుపు చూసి నేను మురిసిపోను.

ఇప్పుడు నాకు నమ్మకం కుదిరింది మట్టిపెడ్డ పరీక్ష మీద. నిమ్మకాయంత ఎండు పెడ్డను గాజు గ్లాసు నీళ్లలో మెల్లగా దించాలి. మొదటి మడిది బుడగలు వదులుతూ నిమిషంలోనే చెదిరి అడుగున బురదైంది. రెండోది అంచులు రాలి సగం మిగిలింది. మూడోది గంట తర్వాత కూడా పెడ్డలాగే ఉంది.

చెరువు మట్టి ఒక్కటే వేసిన మడి పెట్టకపోవడం నా తప్పు. పూడికలో దాని హ్యూమస్ దానికుంటుంది కదా, ఘనత ఎవరిదో ఎలా చెప్పడం? ఈ మృగశిరకు నాలుగో మడి కట్టాను, ఆరు తట్టల పూడిక ఇంకా గేటు దగ్గరే ఉంది.